నాలుగు గొంతులు, మా కారులో నాలుగు జతల చెవులు

మా అత్తయ్యకు టీవీలో యూట్యూబ్ పెట్టుకోవడం నేర్పిన పాపం నాదే. 2019 వేసవిలో గుంటూరు నుంచి మా ఇంటికి, అట్లాంటా దగ్గరికి, ఆరు నెలలు ఉందామని వచ్చారు. మేమిద్దరం ఆఫీసుకీ పిల్ల స్కూలుకీ పోతే ఇంట్లో ఒక్కరే. సీరియళ్ళు చూస్తారేమో అనుకున్నాను. రెండో వారానికల్లా ఇంట్లో పొద్దస్తమానం ఒకటే దృశ్యం. కోట్లు తొడుక్కున్న నలుగురు మగవాళ్ళు పియానో పక్కన నిలబడి యేసు పాటలు పాడుతుంటారు. ఒకాయన గొంతు పైకప్పుకి తగులుతుంది, ఇంకొకాయనది నూతిలోంచి వస్తుంది. మధ్యలో ఇద్దరు పాటని జారిపోకుండా పట్టుకుంటారు.

దీన్ని సదరన్ గాస్పెల్ క్వార్టెట్ అంటారు. గాస్పెల్ అంటే సువార్త పాట, క్వార్టెట్ అంటే నలుగురి జట్టు, ఒక్కొక్కరు ఒక్కో ఎత్తులో ఒకే పాటని నాలుగు భాగాలుగా పాడతారు. అమెరికా దక్షిణాది తెల్లవాళ్ళ చర్చిల్లో పెరిగిన పాట. అత్తయ్యకి ఇది బిల్ గేథర్ అనే గాస్పెల్ గాయకుడి వీడియోల్లో దొరికింది. 1991లో ఆయన పాత తరం గాయకుల్ని ఒకచోట కూర్చోబెట్టి పాడించి వీడియో తీయించాడు. అది మొదలు వరసగా వస్తూనే ఉన్నాయి, అలా అలా గుంటూరు దాకా చేరాయి. “బాబూ, వీళ్ళు మీకు దగ్గర్లో ఎక్కడైనా పాడతారా? కాస్త వెతుకు” అన్నారు ఒకరోజు అన్నం తింటూ. వెతికితే తేలిందేమిటంటే, వీళ్ళందరూ ఏటా ఒక వారం ఒకేచోట చేరతారట. నేషనల్ క్వార్టెట్ కన్వెన్షన్. టెనసీ రాష్ట్రంలో పిజన్ ఫోర్జ్ అనే ఊరు. మాకు 4 గంటల పైచిలుకు దారి.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు స్నేహితులు, తల్లిదండ్రులు వస్తున్నారు, స్మోకీ కొండల వైపు ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఎక్కడ దిగాలి అని అడిగారు. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకసారి రాసేస్తున్నాను. ఐదారేళ్ళ కిందటి మాట కాబట్టి ధరలు రాయడం లేదు.

ముందు కారులో ఎవరున్నారో చెప్పాలి, లేకపోతే మిగతాదంతా అర్థం కాదు. అత్తయ్య లూథరన్, గుంటూరులో 30 ఏళ్ళు క్వాయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు, పాడారు. మా ఆవిడ ఆ ఇంట్లోనే పెరిగినా ఇప్పుడు క్రిస్మస్‌కి మాత్రం చర్చికి వెళ్తుంది. నేను శ్రీరామనవమి పందిట్లో భజన తాళాలు వాయించిన బాపతు, పైగా శాకాహారిని. మా అమ్మాయికి అప్పుడు 15. స్కూల్ కోరస్‌లో పాడుతుంది. దేవుడి ఊసెత్తితే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది, కానీ స్వరం తప్పితే వెంటనే తీసేస్తుంది.

సెప్టెంబరు చివర్లో ఒక మంగళవారం బయల్దేరాం. పిల్లని ఐదు రోజులు స్కూలు మానిపించాం. జార్జియా నుంచి 441 హైవే పట్టుకుంటే కొండలెక్కి దిగి నేరుగా పిజన్ ఫోర్జ్ నడివీధిలోకి తెస్తుంది. దారిలో చెరోకీ అనే అమెరికా ఆదివాసుల ఊళ్ళో వీధుల పేర్లు వాళ్ళ లిపిలో కూడా రాసి ఉంటాయి. మన గుణింతంలాగే ఒక్కో అక్షరానికి ఒక్కో పలుకు. అత్తయ్య కారు ఆపించి మరీ ఫోటో తీయించుకున్నారు. అక్కడి నుంచి స్మోకీ పర్వతాల నేషనల్ పార్కు. 5,046 అడుగుల ఎత్తున న్యూఫౌండ్ గ్యాప్, రెండు రాష్ట్రాల సరిహద్దు. పార్కులోకి ప్రవేశ రుసుము లేదు. అయితే 2023 మార్చి నుంచి 15 నిమిషాలకు మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి. పెద్దవాళ్ళు ఉంటే ఈ కొండదారిలో నెమ్మదిగా పోండి, మలుపులకి కడుపులో తిప్పుతుంది. మా ఆవిడ నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది.

పిజన్ ఫోర్జ్ గురించి ఉన్నమాట చెప్పాలంటే, తిరునాళ్ళ. ఏడాది పొడుగునా జరిగే తిరునాళ్ళ. మినీ గోల్ఫులు, తలకిందులుగా కట్టిన భవనం, పాన్‌కేక్ హోటళ్ళు, జెయింట్ వీల్. అడ్రసు అడిగితే వీధి పేరు చెప్పరు, ఎన్నో నంబర్ సిగ్నల్ దగ్గరో చెప్తారు. ప్రతి ట్రాఫిక్ లైటుకీ నంబరుంది. నాకు మాత్రం నచ్చింది, కనీసం దారి తప్పలేదు. పిల్లకి రెండో రోజుకే మొహం మొత్తింది.

బసలో మొదటి తప్పు చేశాం. ఫోటోలు చూసి కొండ మీద చెక్క కేబిన్ బుక్ చేశాను. లోయ కనిపించే వసారా, హాట్ టబ్, ఊగే కుర్చీలు. చీకటి పడ్డాక చేరాం. చివరి అర మైలు కంకర రోడ్డు, గోడ ఎక్కినట్టు ఉంది. మా కారు చక్రాలు తిరుగుతున్నాయి గానీ కదలదు. అందరూ దిగి, సామాను మోసుకుని నడిచాం. లోపలికి వెళ్తే పడకగదులు పైన, బాత్‌రూం కింద. ఆ మెట్లు అత్తయ్య మోకాళ్ళకి పడవు. హాల్లో సోఫా మీదే పడుకున్నారు. ఫోన్ సిగ్నల్ లేదు. చెత్త బయట పెడితే ఎలుగుబంట్లు వస్తాయని తలుపు మీద నోటీసు. బిల్లులో క్లీనింగ్ ఫీజు ఒక రాత్రి అద్దెకి దగ్గరగా ఉంది, అదేమిటని అడిగితే కంపెనీవాళ్ళు ముందే రాశామన్నారు. రాశారు, నిజమే, చదవనిది నేను. కుర్రకారు గుంపుగా వెళ్తే కేబిన్ బాగుంటుంది. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు రోడ్డు తారుదా కంకరదా, కింది అంతస్తులో మంచం ఉందా అని అడిగి మరీ బుక్ చేయండి.

రెండు రాత్రులకి కట్టినది వదులుకుని మర్నాడే ఊళ్ళో ఒక పాత మోటెల్‌కి మారాం. వెనక లిటిల్ పిజన్ నది, ప్రతి గది ముందూ రెండు కుర్చీలు, కారు దిగితే గడప. దుప్పట్లు పాతవే గానీ శుభ్రం. గదిలో మా రైస్ కుక్కర్‌కి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆవకాయ మూత తీసినప్పుడు మాత్రం కిటికీ తెరిచాం. మా యాత్ర మొత్తంలో విన్న మంచి పాట కూడా ఆ మోటెల్ టిఫిన్ల గదిలోనే దొరికింది, ఆ సంగతి తర్వాత.

బుధవారం సాయంత్రం, కన్వెన్షన్ హాలుకి పోకముందే, ఒక చిన్న చర్చికి వెళ్ళాం. ఊరి బయట, పొలాల మధ్య బాప్టిస్టు చర్చి. గుడి ముందు బోర్డు చూసి మోటెల్ ఆవిడే చెప్పింది, ఈ రాత్రి క్వార్టెట్ వస్తోందని. టికెట్ లేదు. మధ్యలో ప్లాస్టిక్ బకెట్లు తిప్పుతారు, తోచింది వేయొచ్చు. ‘లవ్ ఆఫరింగ్’ అంటారు. 70 మంది ఉంటారేమో. వాళ్ళలో గోధుమరంగు మనుషులం మేం నలుగురమే. లోపల అడుగు పెట్టగానే అందరూ ఒకసారి చూశారు, నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. ఒక ముసలాయన లేచి వచ్చి అత్తయ్యకి ముందు బెంచీలో, దిండు వేసి ఉన్నచోటు చూపించాడు.

నేను ఇంటి దగ్గర ఆ వీడియోలు ఎన్ని విన్నా, ఆ పాటలో బాస్, అంటే ఆ నూతిలోంచి వచ్చే గొంతు, ఏమిటో ఆ రాత్రే తెలిసింది. ఆరడుగుల దూరంలో ఒక మనిషి అంత కిందికి దిగితే ముందు చెవికి కాదు, కూర్చున్న చెక్కకి తెలుస్తుంది. తొడల కింద బెంచీ సన్నగా వణికింది. పిల్ల ఇయర్‌ఫోన్లు తీసి జేబులో వేసుకుంది. ఆ బాస్ పాడేది చాలాసేపు ‘డుం డుం’ లాంటి ముక్కలే. మృదంగానికి తొప్పి ఎంతో ఆ పాటకి అతనంత. పాట ఆఖర్న మిగతా ముగ్గురూ పైకి పోతుంటే ఇతను మెట్టు మెట్టుగా దిగుతాడు. ఒక్కో మెట్టుకీ జనం నవ్వుతారు, ఈల వేస్తారు. చర్చిలో ఈల! అత్తయ్య నా వైపు చూశారు. ఆవిడకి అది నచ్చలేదు. జోకులూ నచ్చలేదు. పాటకీ పాటకీ మధ్య లీడ్, అంటే అసలు వరస, పాడే ఆయన బాస్ పొట్ట మీద జోకులు వేస్తూనే ఉన్నాడు. “పాట బాగుంది, ఈ వేళాకోళం ఏమిటి బాబూ” అన్నారు. అదే ఆయన ఆ తర్వాత గొంతు తగ్గించి, చనిపోయిన వాళ్ళమ్మ గురించి ఒక నిమిషం మాట్లాడి నెమ్మది పాట ఎత్తుకుంటే, ఆవిడే కళ్ళు తుడుచుకున్నారు. ఈ నవ్వించి ఏడిపించే పద్ధతి మన హరిదాసులకి తెలియనిదేం కాదు. పిట్టకథ లేని హరికథ ఎవరు వింటారు?

పాట అయ్యాక నలుగురూ గుమ్మం దగ్గర బల్ల వెనక నిలబడి సీడీలు అమ్ముతారు. బయట వాళ్ళ బస్సు. దాన్ని నడిపేది కూడా ఆ బాస్ పాడినాయనే. వారమంతా కరెంటు పని చేస్తాడట, శుక్ర, శని, ఆదివారాలు, పిలిస్తే ఇలా బుధవారాలు పాట. అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని, తన ఇంగ్లీషులో, మా ఊళ్ళో కూడా మేం పాడతాం, కానీ మా సొంత పాటలకి నాలుగు భాగాలుండవు, రాగం తాళం ఉంటాయి అని చెప్పారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం పేరు ఉంటాయి కదా, అది. ఏదీ, ఒకటి పాడండి అన్నాడాయన. అత్తయ్య అక్కడే, సీడీల బల్ల ముందు, పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. ఆయన తల వంచి విన్నాడు. రెండో చరణానికి కింద ఒక్క స్వరం పట్టుకున్నాడు. కదపలేదు, మార్చలేదు. షడ్జమం పట్టుకుని తంబురాలా నిలబడ్డాడు, అంతే. ఎటు పోవాలో తెలియక అలా చేశానని తర్వాత నవ్వాడు. నాకైతే అంతకంటే సరైన పని ఆయన ఇంకేం చేయగలడో తోచలేదు.

గురువారం, శుక్రవారం కన్వెన్షన్. దీని కథ పెద్దదే. 1957లో మెంఫిస్‌లో మొదలైంది. జె. డి. సమ్నర్ అనే గాయకుడు, బ్లాక్‌వుడ్ సోదరులనే క్వార్టెట్ కలిసి పెట్టారు. తర్వాత నాష్‌విల్, లూయివిల్ తిరిగి 2014 నుంచి పిజన్ ఫోర్జ్ లెకాంట్ సెంటర్‌లో జరుగుతోంది. ఈ సమ్నర్ బాస్ గాయకుడు. అత్యంత లోతైన స్వరం పాడినవాడిగా గిన్నిస్ రికార్డు ఆయన పేరు మీద ఉండేది. 1970లలో ఎల్విస్ ప్రెస్లీ వెనక పాడిన స్టాంప్స్ క్వార్టెట్ ఈయనదే. ఎల్విస్ కుర్రతనంలో మెంఫిస్‌లో ఈ పాటకచేరీలకి తెగ తిరిగేవాడు. రాక్ అండ్ రోల్ రాజు అని పేరు గానీ, పోటీలో ఆయన గెలిచిన మూడు గ్రామీలూ గాస్పెల్ పాటలకే.

హాలు పెద్దది. మా సీట్లు వెనక. మనుషులు బొటనవేలంత కనిపించారు, తెర మీదే చూశాం. సాయంత్రం మొదలైతే అర్ధరాత్రి దగ్గరపడేదాకా ఒక బృందం తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కరికి మూడు నాలుగు పాటల వ్యవధి, దిగగానే ఇంకొకరు ఎక్కాలి. మన త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పావుగంట స్లాటు ఇచ్చినట్టే. బాత్‌రూముల దగ్గర వరస, వీల్‌చైర్ల వరస. సర్వీసు మటుకు బాగుంది. అత్తయ్య మోకాలు చూసి వాలంటీరు ఒకావిడ గుమ్మం నుంచి సీటు దాకా చక్రాల కుర్చీలో తీసుకెళ్ళింది, అడక్కుండానే. చలి మాత్రం భరించలేం. ఏసీ అలా పెడతారు, శాలువా తీసుకెళ్ళండి.

నా పక్క సీట్లో కెంటకీ నుంచి వచ్చిన రిటైర్డ్ పోస్ట్‌మన్. ఒళ్ళో స్పైరల్ నోటుబుక్, చెవి మీద పెన్సిల్. క్రికెట్ స్కోరు రాసినట్టు రాస్తున్నాడు. బృందం పేరు, ఎన్ని పాటలు, పాటలో శ్రుతి ఎన్నిసార్లు పెంచారు, పై గొంతు పాడే టెనర్ ఎంత పైకి పోయాడు, బాస్ ఎంత కిందికి దిగాడు. లూయివిల్ రోజుల నుంచీ రాస్తున్నాడట. నేను చూస్తున్నానని నోటుబుక్ నా వైపు తిప్పాడు. శ్రుతి పెంచడం ఈ పాటల్లో పెద్ద కిటుకు. జనం చప్పట్లు తగ్గుతున్నాయనిపిస్తే అర మెట్టు పైకి, మళ్ళీ అర మెట్టు, పల్లవి ఇంకోసారి. ఒక బృందం ఎక్కగానే ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టేశాడు. ఎందుకంటే, వాళ్ళు ముందే రికార్డు చేసిన వాద్యాల మీద పాడుతున్నారు, అందులో గొంతులు కూడా కొన్ని కలిపి పెట్టుకున్నారని ఆయన అనుమానం. “నలుగురు నిలబడ్డారు, ఎనిమిది మంది వినపడుతున్నారు” అన్నాడు. ఈ శ్రోతల్లో ఇదో పెద్ద తగాదా అట. పియానో ఒక్కటి పెట్టుకుని పాడేవాళ్ళంటే ఆయనకి ప్రాణం.

మీరు ఏ చర్చికి వెళ్తారు అని అడిగాను, మర్యాదకి. పెద్దగా వెళ్ళనన్నాడు. ఏటా ఇక్కడికి మటుకు వస్తాడు. ఆ మాటతో నాకు కాస్త ఊపిరి ఆడింది. అప్పటిదాకా ఆ హాల్లో నమ్మకం లేని చెవి నాదొక్కటే అనుకుంటున్నాను.

ఎవరొస్తారు ఇక్కడికి? చాలామంది 60 దాటినవాళ్ళు, దాదాపు అందరూ తెల్లవాళ్ళు. తలకి తెల్ల టోపీలు, పొడుగు గౌన్లతో ఒక మెన్నోనైట్ (నిరాడంబరంగా బతికే క్రైస్తవ శాఖ) కుటుంబం, తల్లీ ఐదుగురు పిల్లలూ, చప్పట్లు కొట్టకుండా నిశ్శబ్దంగా పెదాలు కదుపుతున్నారు. మా వెనక వరసలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, సంగీతం చదువుతున్నవాళ్ళు, మా పిల్లతో స్వరాల గురించి గంట మాట్లాడారు. శుక్రవారం రాత్రి ఒక బృందం దేశభక్తి పాట ఎత్తుకుని, సైన్యంలో పనిచేసినవాళ్ళని లేచి నిలబడమంది. హాలంతా లేచి చప్పట్లు. మేమూ లేచాం. పోస్ట్‌మన్ వియత్నాం యుద్ధానికి వెళ్ళినవాడని అప్పుడే తెలిసింది. కానీ జెండా వేరు, పాట వేరు అనుకునే నాకు ఆ ఐదు నిమిషాలూ బయట వరండాలో ఉంటే బాగుండేదనిపించింది. మా ఆవిడ కూడా అదే అంది, తెలుగులో, మెల్లిగా.

పగటిపూట స్టాళ్ళ హాలు చూడండి, సాయంత్రం కచేరీ కంటే అదే నయమనిపించింది. ప్రతి బృందానికీ ఒక బల్ల. రాత్రి స్టేజీ మీద వేలు పైకెత్తి పాడినాయన పగలు బల్ల వెనక సీడీలు సర్దుతూ ఉంటాడు, ఎంతసేపైనా మాట్లాడతాడు. అసలు ఈ క్వార్టెట్ అమ్మకం కోసమే పుట్టింది. టెనసీలోనే లారెన్స్‌బర్గ్‌లో జేమ్స్ డి. వాన్ అనే పాటల పుస్తకాల వ్యాపారి, 1910లో నలుగురు మగవాళ్ళకి జీతమిచ్చి చర్చిలకి పంపాడు. పుస్తకంలో పాట నాలుగు భాగాలుగా అచ్చయి ఉంటుంది. వీళ్ళు పాడి చూపిస్తే జనం పుస్తకం కొనాలి. చిన్నప్పుడు మా ఊరి సినిమా హాలు గేటు దగ్గర పాటల పుస్తకాలమ్మే కుర్రాడు పల్లవి ఎత్తుకుని అరిచేవాడు, వాడు గుర్తొచ్చాడు.

ఆ పుస్తకాల్లో స్వరాలకి ఆకారాలుంటాయి. డో త్రికోణం, మీ వజ్రం, సో గుండ్రం, లా చతురస్రం, ఇలా ఏడింటికి ఏడు. చదువు పెద్దగా రాని రైతుకూలీలు కూడా పది పదిహేను రోజుల పాటల బడిలో కూర్చుని నేర్చేసుకునేవారు. మా పిల్ల ఒక పాత పుస్తకం కొని, రాత్రికల్లా “అమ్మమ్మా, ఇది మీ సరిగమలే, బొమ్మలేసి ఇచ్చారంతే” అని తేల్చింది.

శనివారం పొద్దున మోటెల్ టిఫిన్ల గది. వాఫుల్ మిషను దగ్గర వరస. ఒకావిడ పిండి పోసి, మూత తిప్పి, అది కాలేదాకా ఏదో కూనిరాగం తీస్తోంది. వెనక ఉన్న ముసలాయన దానికి కింద గొంతు కలిపాడు. కాఫీ పోసుకుంటున్న ఇంకొకావిడ ఆల్టో. ఎవరూ ఎవరికీ తెలియదు. టేబుల్ దగ్గర గుడ్లు తింటున్న లారీ డ్రైవర్ లాంటి మనిషి నాలుగో భాగం అందుకున్నాడు, నోట్లో ముద్ద మింగి. మిషను బీప్ కొట్టేదాకా పాడి, ఎవరి వాఫుల్ వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. అత్తయ్య ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. రెండు రాత్రుల టికెట్ల కంటే ఆ రెండు నిమిషాలు ఎక్కువ అన్నారు. నాకూ అంతే.

ఆ పూటే డాలీవుడ్. ఈ జిల్లాలోనే పుట్టి పెరిగిన గాయని డాలీ పార్టన్ పేరు మీద 1986 నుంచి నడుస్తున్న థీమ్ పార్కు. అక్కడ కింగ్‌డమ్ హైర్స్ అనే క్వార్టెట్ ఆస్థాన విద్వాంసుల్లా రోజూ పాడేది. సదరన్ గాస్పెల్ మ్యూజియం కూడా అప్పుడు పార్కు లోపలే ఉండేది, అందుకని దాని కోసమైనా పార్కు టికెట్ కొనాల్సి వచ్చేది. ఒక్క మ్యూజియం కోసమైతే దండగ. పిల్లలుంటే రైడ్లున్నాయి, పాత ఆవిరి రైలుంది, మేం ఎక్కినప్పుడు బొగ్గుతో నడిచేది. ఎదురుగాలికి కిటికీ పక్కన కూర్చుంటే నుసి కళ్ళలో పడేది. పాట మాత్రం అక్కడ వేరే జనానిది. ఐస్‌క్రీం చేత్తో పట్టుకుని పది నిమిషాలు కూర్చుని లేచి రోలర్ కోస్టర్‌కి పోతారు. గాయకులకి అది తెలుసు, వేగం పాటలే ఎంచుకుంటారు. మా ఆవిడకి అదే అన్నిటికంటే నచ్చింది. ఎవరూ నమ్మకం గురించి సాక్ష్యం చెప్పమనలేదు, ఎవరూ ప్రార్థనకి పిలవలేదు, పాట విని వెళ్ళిపోవచ్చు అంది. అక్కడ దాల్చినచెక్క బ్రెడ్డు దొరుకుతుంది, వేడివేడిగా, చేతులకి వెన్న కారుతూ. అది తప్పక తినండి.

తిండి మాటొచ్చింది కాబట్టి. శాకాహారులకి ఈ ఊళ్ళు కష్టం. ఒక హోటల్లో ఉడకబెట్టిన బీన్స్ అడిగాను, కూరగాయే కదా అని. సగం తిన్నాక గులాబీ రంగు ముక్క తగిలింది. పంది మాంసం వేసి ఉడకబెట్టడం ఇక్కడి పద్ధతి, వాళ్ళ దృష్టిలో అది కూరగాయే. అడిగితే వెయిట్రెస్ ఆశ్చర్యపోయింది, రుచికే వేస్తామండీ అన్నట్టు చూసింది. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ, ఉప్పూ కారప్పొడీ వేసుకుంటే బండి నడుస్తుంది. వేపిన బెండకాయ ముక్కలు మటుకు ప్రతి హోటల్లోనూ ఉంటాయి. నేను వారమంతా దాని మీదే బతికాను.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి నాష్‌విల్. అక్కడ గడియారం గంట వెనక్కి, అందుకే మధ్యాహ్నానికి ముందే చేరాం. డౌన్‌టౌన్‌లో హోటల్ తీసుకోకండి. పార్కింగ్‌కే రోజుకి ఒక మోటెల్ గది ఖర్చవుతుంది, రాత్రి రెండింటిదాకా వీధిలో తాగినవాళ్ళ కేకలు. మేం ఊరి బయట దిగాం. నేను వెళ్ళి వినాయకుడి గుడిలో ఒక దణ్ణం పెట్టుకుని వచ్చాను. అత్తయ్య లోపలికి రాలేదు, మెట్ల దగ్గర నీడలో కూర్చుని ప్రసాదం పులిహోర మాత్రం తిన్నారు.

ఆ మధ్యాహ్నం మూడింటికి ఒక నల్లవాళ్ళ చర్చిలో క్వార్టెట్ వార్షికోత్సవం. ఇది కన్వెన్షన్‌లో ఎవరూ చెప్పింది కాదు, ఆఫీసులో నా సహోద్యోగి చెప్పాడు. “నువ్వు క్వార్టెట్ వినడానికి అంత దూరం పోయి, మా క్వార్టెట్ వినకుండా వస్తావా” అని. స్టేజీ మీద ఆరుగురున్నారు, గిటార్, డ్రమ్స్. ఆరుగురైనా దాన్ని క్వార్టెట్ అనే అంటారు. భాగాలు నాలుగు, మనుషులెందరైనా. తెల్లవాళ్ళ క్వార్టెట్‌లో పాట ఒక కట్టడం, ఎక్కడ ఎవరు దిగాలో ముందే రాసి ఉంటుంది. ఇక్కడ పాట అయిపోయిందనుకున్నాక మొదలవుతుంది. వెనక గొంతులు ఒక్క మాట పట్టుకుని తిప్పుతుంటే, ముందు పాడే ఆయన దాని మీద అరుస్తాడు, బతిమాలతాడు, స్టేజీ దిగి నడవాలోకి వస్తాడు. జనం సమాధానం చెప్తారు. అలసిపోతే ఇంకో లీడ్ అందుకుంటాడు. ఒక పాట 20 నిమిషాలు నడిచింది. నాకు మా భజన గుర్తుకొచ్చింది. చివర్లో ఒక్క నామం పట్టుకుని కాలం పెంచుకుంటూ పోతాం చూడండి, అచ్చం అదే. చేతుల్లో తాళాలు లేవు గానీ తొడ మీద వాయిస్తూనే ఉన్నాను. పిల్ల వీడియో తీసింది, ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

అత్తయ్యకి తల నొప్పి వచ్చింది. మోత ఎక్కువ అన్నారు. కానీ జోకులు లేవని మెచ్చుకున్నారు.

ఈ పాట చరిత్ర నాష్‌విల్‌లోనే ఉంది. ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి 1871లో, బానిసత్వం పోయి ఎంతో కాలం కాని రోజుల్లో, విద్యార్థులు కొందరు జూబిలీ సింగర్స్ పేరుతో ఊరూరా పాడుతూ డబ్బు పోగుచేసి కాలేజీని నిలబెట్టారు. 1873లో విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ విద్యార్థినుల హాస్టల్, అందుకని బయటి నుంచే చూడాలి. ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్ అనే నల్లవాళ్ళ క్వార్టెట్ ఈ ఊళ్ళోనే 1921లో మొదలైంది. ఇవన్నీ కచేరీలకి పేరున్న రైమన్ ఆడిటోరియంకి కారులో పది నిమిషాల లోపే. ఆ రైమన్ 1892లో ప్రార్థనా మందిరంగా కట్టిందే. 1948లో అక్కడ రాత్రంతా పాడే సదరన్ గాస్పెల్ కచేరీలు మొదలయ్యాయి. ఒకే ఊరు, నాలుగే గొంతులు, రెండు వేర్వేరు గుమ్మాలు. పిజన్ ఫోర్జ్ హాల్లో ఉన్నవాళ్ళు ఈ చర్చికి ఎందుకు రారు, వీళ్ళు అక్కడికి ఎందుకు పోరు అని పిల్ల అడిగింది. మా ఊళ్ళో రెండు రామాలయాలుండేవి, ఎవరి వీధి భజన వాళ్ళది. ఆ సంగతి చెప్పాను.

రైమన్ పగటి టూరు బాగుంటుంది, పాత చెక్క బెంచీల మీద కూర్చోనిస్తారు. 2021లో నాష్‌విల్‌లో ఆఫ్రికన్ అమెరికన్ సంగీతం మ్యూజియం తెరిచారు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు అక్కడ గాస్పెల్ గది చూడొచ్చు, మాకు ఆ అదృష్టం లేదు.

సోమవారం తిరుగుదారిలో లారెన్స్‌బర్గ్ కూడా చూద్దామని చుట్టూ తిరిగి వెళ్ళాం. నాష్‌విల్‌కి 80 మైళ్ళు. నడిబొడ్డున చౌరస్తా, అమెరికా జానపద వీరుడు డేవిడ్ క్రాకెట్ విగ్రహం, పక్కనే వాన్ పేరుతో చిన్న మ్యూజియం. ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కుని వెళ్ళండి. మేం కనుక్కోలేదు, ఆలస్యంగా చేరాం, విగ్రహం చూసి వచ్చేశాం. ఆ ఊరి కోసమే అంత దూరం పోనక్కర్లేదు.

మళ్ళీ వెళ్తే కన్వెన్షన్‌కి ఒక్క రాత్రి టికెట్టే కొంటాను, పగలు స్టాళ్ళ హాల్లో గడుపుతాను, మిగతా సాయంత్రాలు చర్చిల ముందు బోర్డులు చూసుకుంటూ తిరుగుతాను. ఆ మోటెల్లోనే దిగుతాను. కేబిన్ ఊసెత్తను.

ఇంటికొచ్చాక పిల్ల ఆ ఆకారాల పుస్తకం ముందేసుకుని, అమ్మమ్మ పాడిన కీర్తనకి నాలుగు భాగాలు రాయడం మొదలుపెట్టింది. లీడ్ అత్తయ్య, పైన తను, మధ్యలో వాళ్ళమ్మ. బాస్ నా మీద పడింది. నాలుగు సాయంత్రాలు ప్రయత్నించాను. ఆ కరెంటు పనివాడు పట్టుకున్న స్వరం దాకా నా గొంతు దిగనే లేదు, దగ్గొచ్చేది. చివరికి శ్రుతి పైకి జరిపారు. జరిపితే అత్తయ్యకి అందలేదు. నవంబరులో ఆవిడ విమానం ఎక్కేదాకా ఆ కీర్తన మూడు గొంతుల మీదే నడిచింది, కింద రైస్ కుక్కర్ కూత.